తమ్ముడి కోసమా, పరిశోధన కోసమా?

ఈసారి వచ్చిన ఉత్తరం చాలా పెద్దది, కుదించి చెబుతున్నాను. రాసినావిడ వయసు 28. సైకాలజీలో పీజీ చేసి, జైల్లో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నారు. ఒక హింసాత్మక ముఠాతో తిరిగిన కేసులో లోపలికి వచ్చిన కుర్రవాడితో కొన్ని నెలలపాటు మాట్లాడారట. "సిద్ధాంతం, పగ, ప్రతీకారం అంటూ ఏవో చెబుతాడనుకున్నాను. వాడు మళ్లీ మళ్లీ చెప్పింది ఒక్కటే. నేను గదిలోకి వెళ్తే లేచి కుర్చీ ఇచ్చేవాళ్లు మేడం, మా ఇంట్లో నేను వచ్చానో లేదో కూడా ఎవరూ చూడరు అన్నాడు" అని రాశారు. ఆ మాట అప్పట్నుంచీ ఆమెను వదలడం లేదు. అతను చెప్పినవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకున్నారు. కుర్రాళ్లు హింస దాకా ఎలా వెళ్తారన్న విషయం మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది.

నాన్నగారు ఒప్పుకోవడం లేదు. "లోకంలో ఇన్ని సబ్జెక్టులుండగా నీకు వీళ్లే దొరికారా" అంటున్నారు. గైడ్‌గా ఉండమని అడిగిన ప్రొఫెసర్ కూడా వెనకాడుతున్నారు. ముందు ఏదైనా మామూలు టాపిక్ మీద పట్టా తెచ్చుకో, తర్వాత నీ ఇష్టం అన్నారట. ఈలోగా ఈమె తనంతట తానే ముఠాల ప్రచార వీడియోలు చూడటం మొదలుపెట్టారు, అందరూ పడుకున్నాక, హెడ్‌సెట్ పెట్టుకుని. నిద్ర పాడైంది. కళ్లు మూసుకుంటే ఆ అరుపులే వినిపిస్తున్నాయంటున్నారు.

ఆఖరి పేజీలో తమ్ముడి మాట వచ్చింది. 21 ఏళ్లు. ఉద్యోగం పోయినప్పట్నుంచి ఇంట్లోనే ఉంటూ ఫోన్‌లో ఏవో గ్రూపుల్లో మునిగిపోయాడు. భాష మారింది. ఒక వర్గం గురించి "వాళ్లని ఏరిపారేస్తే గానీ బాగుపడం" అని అన్నం తింటూ మామూలుగా అనేస్తున్నాడట. "వాడి గురించి నేను భయపడుతున్నట్టు ఇంట్లో ఎవరికీ తెలియదు. ఈ పరిశోధనలోకి వెళ్తే వాడిని వెనక్కి తెచ్చే దారి దొరుకుతుందేమో. ఇది పిచ్చి ఆలోచన అయితే అదైనా చెప్పండి" అని ముగించారు.

పిచ్చి ఆలోచన ఏమీ కాదు. అయితే మీ ఉత్తరం మొదటి పేజీలన్నీ ఒకరు రాసినట్టు, ఆఖరి పేజీ ఇంకొకరు రాసినట్టు ఉంది. ముందు మాట్లాడింది పరిశోధకురాలు, ఆఖర్న మాట్లాడింది అక్క. ఇద్దరికీ వేర్వేరుగా జవాబు చెబుతాను. పీహెచ్‌డీకి నాలుగైదేళ్లు పడుతుంది. మీ తమ్ముడి సంగతి అన్నాళ్లు ఆగదు. అందుకని అక్కతోనే మొదలుపెడతాను.

మీ తమ్ముడి మాటలు వింటే ఎవరికైనా గుండె జారుతుంది. కానీ ఈ రంగంలో పనిచేసేవాళ్లు మొదట నేర్చుకునేది మాటకీ చేతకీ మధ్య ఉన్న దూరం. క్లార్క్ మెకాలీ, సోఫియా మొస్కలెంకో అనే ఇద్దరు సైకాలజిస్టులు 2017లో ఈ విషయాన్ని రెండు పిరమిడ్లుగా గీసి చూపించారు. ఒకటి అభిప్రాయాల పిరమిడ్, రెండోది చర్యల పిరమిడ్. మొదటిదాని కొస దాకా ఎక్కి కూర్చున్నవాళ్లలో అత్యధికులు రెండోదాని మీద అడుగే పెట్టరు. ఎదురుదారీ ఉంది. సిద్ధాంతం గురించి ఏమీ పట్టని మనిషి స్నేహితుడి వెంటో, అన్న వెంటో, డబ్బు కోసమో హింసలోకి దిగిపోతాడు. మీ జైలు కుర్రవాడు ఈ రెండో రకంలా ఉన్నాడు.

కాబట్టి ఏదో లక్షణాల పట్టిక ముందేసుకుని తమ్ముడి ప్రవర్తనకు టిక్కులు పెట్టే పని దయచేసి చేయకండి. సైకాలజీ చదివినవాళ్లకి ఇది పెద్ద ఆకర్షణ, తెలుసు. ఒక లెక్క చూడండి. పది లక్షల మందిలో నిజంగా హింసకు దిగేవాళ్లు పదిమంది ఉన్నారనుకుందాం. నూటికి 99 సార్లు సరిగ్గా చెప్పే పరీక్ష మన దగ్గర ఉందనుకుందాం, అంత మంచి పరీక్ష ఎక్కడా లేదు కానీ. అది ఆ పదిమందినీ పట్టుకుంటుంది. వాళ్లతోపాటు ఏ పాపం తెలియని మరో పదివేల మందిని కూడా ప్రమాదకరమని చూపిస్తుంది. అరుదైన సంగతిని ముందే పసిగట్టడంలో ఉన్న చిక్కు ఇదే. ఒక మనిషి హింసకు దిగే ప్రమాదం ఎంతుందో అంచనా వేయడానికి జైళ్లలో, పోలీసు విభాగాల్లో వాడే టీఆర్‌ఏపీ-18, వెరా-2ఆర్ లాంటి సాధనాలున్నాయి. అవి శిక్షణ పొందినవాళ్లు, అప్పటికే అనుమానం కలిగిన మనిషి విషయంలో, చాలా సమాచారం చేతిలో పెట్టుకుని వాడవలసినవి. భోజనాల దగ్గర ఎదురుగా కూర్చున్న తమ్ముడి మీద ప్రయోగించేవి కావు.

అలాగని మాటలే కదా అని వదిలేయమనీ చెప్పను. ఒంటరిగా, లేదా ఒక తోడుతో దాడులకు దిగిన, దిగబోయిన 119 మంది జీవితాలను పాల్ గిల్ అనే పరిశోధకుడు, అతని సహచరులు 2014లో పరిశీలించారు. దాదాపు 64 శాతం కేసుల్లో ఆ మనిషి తాను చేయబోయేదాని గురించి ఇంట్లోవాళ్లకో స్నేహితులకో నోటితో చెప్పాడు. అంటే వినేవాళ్లు ఉన్నారు, విన్నారు. తర్వాత ఏం చేయాలో వాళ్లకి తెలియలేదు, లేదా నమ్మబుద్ధి కాలేదు. మీరు కనిపెట్టవలసింది కోపం ఎంత ఉందన్నది కాదు, ఆ కోపానికి వివరాలు చేరుతున్నాయా అన్నది. ఫలానా చోటు, ఫలానా రోజు, ఫలానా మనిషి అన్న మాటలు రావడం, ఆయుధం కోసం వెతకడం, ఉన్నట్టుండి వస్తువులు పంచిపెట్టేయడం, వీడ్కోలు చెబుతున్నట్టు మాట్లాడటం. వీటిలో ఏది కనిపించినా అది ఇంటి గుట్టుగా దాచుకునే విషయం కాదు, ఆ రోజే పోలీసులకు చెప్పాలి. తమ్ముడు మిమ్మల్ని చాలాకాలం క్షమించకపోవచ్చు. ఆ ధర ఉంటుందని తెలిసే చెబుతున్నాను.

అంతదూరం రాలేదనే మీ ఉత్తరాన్ని బట్టి అనిపిస్తోంది. అప్పుడు మీ ముందు కొన్ని దారులున్నాయి. ఒకటి, అతనితో వాదించడం. అతను చెప్పే ప్రతి అబద్ధానికీ మీరు ఆధారాలు చూపించవచ్చు, గెలవనూవచ్చు. గెలిచిన రాత్రి అతను మళ్లీ ఆ గ్రూపులోకే వెళ్లి మా అక్క కూడా వాళ్ల మనిషే అని రాసుకుంటాడు. రెండోది, ఏమీ ఎరగనట్టు ఊరుకోవడం. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. అతనికి మాత్రం మిగిలేది ఆ గ్రూపే. మూడోది కొంచెం నెమ్మదైన పని. సిద్ధాంతం జోలికి పోకుండా మనిషి జోలికి వెళ్లడం. ఉద్యోగం పోయినరోజు ఏం జరిగింది? ఎవరేమన్నారు? ఆ విషయం మీ ఉత్తరంలో అరవాక్యంలో తేల్చేశారు. నాకు మాత్రం ఉత్తరమంతటిలో ముఖ్యమైన వాక్యం అదేననిపించింది. లేచి కుర్చీ ఇచ్చే చోటు గురించి జైలు కుర్రవాడు చెప్పింది మీకు అంతలా గుచ్చుకోవడానికి కారణం ఇంట్లోనే ఉందేమో చూసుకోండి.

ఇంతమాత్రాన తమ్ముడి నోట ద్వేషం వచ్చినప్పుడు తలూపమని అర్థం కాదు. "ఆ మాట నా ముందు అనకు, నాకు నచ్చదు" అని ఒక్కసారి స్పష్టంగా చెప్పి, వెంటనే "రేపు నాతో వస్తావా, పని ఉంది" అని అడగవచ్చు. మాటను తోసెయ్యండి, మనిషిని తోసెయ్యకండి. నార్వేలో 1997లో నియో-నాజీ ముఠాల నుంచి యువకులను బయటికి తేవడానికి ఎగ్జిట్ అనే కార్యక్రమం మొదలైంది. అందులో ఒక ముఖ్యమైన పని తల్లిదండ్రులందరినీ ఒకచోట చేర్చి మాట్లాడించడం. జర్మనీతో సహా ఇంకొన్ని దేశాల్లో కుటుంబాలకు సలహా ఇచ్చే కేంద్రాలు తర్వాత వచ్చాయి. ఇంటివాళ్లు తెగతెంపులు చేసుకుంటే తిరిగి వచ్చేవాడికి నిలబడే చోటు ఉండదన్న అనుభవం నుంచి పుట్టిన పద్ధతి అది.

నాన్నగారికి చెప్పాలా వద్దా అన్నది మీ ఇంటి తీరును బట్టి ఉంటుంది. ఆయన కోపిష్టి అయితే చెప్పిన రాత్రే ఫోన్ లాక్కుంటారు, తమ్ముడు ఇంకో ఫోన్ సంపాదిస్తాడు, మీ మీద నమ్మకం పోతుంది. చెప్పకపోతే బరువంతా మీ ఒక్కరి మీదే ఉంటుంది, ఇప్పుడున్నట్టే. మధ్యేమార్గంగా, తమ్ముడు గౌరవించే పెద్దవాళ్లు, అతనికి పని ఇప్పించగలిగేవాళ్లు ఒకరుంటే ముందు వాళ్లని కలుపుకోండి. మీరు కౌన్సెలరే కావచ్చు, తమ్ముడికి కౌన్సెలర్ కాలేరు. ఆ పని బయటివాళ్లు చేయాలి. మీకూ ఒకరు కావాలి, దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇక పరిశోధకురాలికి.

మీరు అడగాలనుకుంటున్న ప్రశ్నకు పెద్ద చరిత్రే ఉంది. 1970ల్లో చాలామంది ఉగ్రవాదికి ఒక ప్రత్యేకమైన మనస్తత్వం ఉంటుందని వెతికారు. దొరకలేదు. 1981 నాటికే మార్తా క్రెన్‌షా అనే రాజనీతి శాస్త్రవేత్త తన వ్యాసంలో, వీళ్లందరిలో కొట్టొచ్చినట్టు కనిపించే సామాన్య లక్షణం వాళ్లు మామూలుగా ఉండటమేనని తేల్చారు. తర్వాత బొమ్మ కొంచెం మారింది. ఒంటరిగా దాడి చేసేవాళ్లలో మానసిక రుగ్మతలు ముఠాల్లో ఉన్నవాళ్లలో కంటే చాలా ఎక్కువగా కనిపిస్తాయని ఎమిలీ కార్నర్, గిల్ 2015లో చూపించారు. అయినా అందరికీ సరిపోయే మూస మాత్రం ఈనాటికీ లేదు. ఐర్లండ్‌కు చెందిన జాన్ హోర్గన్, అక్కడి సాయుధ ముఠా ఐఆర్‌ఏ మాజీ సభ్యులతో మాట్లాడుతూ పరిశోధన మొదలుపెట్టినవాడు. "ఎందుకు చేరావు" కంటే "ఎలా చేరావు" అని అడగడం మంచిదని అతని వాదన. ఎందుకు అంటే ముఠా నేర్పిన జవాబు వస్తుంది. ఎలా అంటే ఫలానా స్నేహితుడు, ఫలానా సాయంత్రం, ఫలానా గది అని మొదలుపెడతారు. మీ కుర్రవాడు అడగకుండానే కుర్చీ గురించి చెప్పాడంటే, మీరు వినే పద్ధతి బాగుందన్నమాట. ఇది మొహమాటానికి అంటున్న మాట కాదు. ఈ పనికి కావలసిన మొదటి అర్హత అదే.

మీ ప్రొఫెసర్ మాటను భయస్థుడి సలహాగా కొట్టేయకండి. ఆరీ క్రుగ్లాన్‌స్కీ అనే సైకాలజిస్టు సంగతి చూడండి. ఆయన ఎన్నో ఏళ్లు పనిచేసింది ఉగ్రవాదానికి ఏ సంబంధమూ లేనట్టు కనిపించే విషయం మీద. మనుషులు సందిగ్ధాన్ని భరించలేక తొందరగా ఏదో ఒక ఖాయమైన జవాబును ఎందుకు పట్టుకుంటారన్నది ఆయన ప్రశ్న. తర్వాత అదే పనిముట్టుతో హింసవైపు తిరిగారు. 2009లో సహచరులతో కలిసి ఆత్మాహుతి దాడుల మీద రాసిన వ్యాసంలో, నేనూ ఒక లెక్కలోని మనిషినే అనిపించుకోవాలన్న తపన అన్ని ఉద్దేశాలకూ వెనక ఉంటుందని వాదించారు. ఆ తపన, దానికి హింసే దారి అని చెప్పే కథ, ఆ కథను మెచ్చుకునే మనుషులు, ఈ మూడూ కలిస్తే ప్రమాదం అన్నది వాళ్ల సిద్ధాంతం. మీ కుర్రవాడి కుర్చీ ఇందులో సరిగ్గా ఎక్కడ పడుతుందో మీరే చెప్పగలరు. శ్రీలంకలో లొంగిపోయిన ఎల్టీటీఈ సభ్యుల పునరావాసం మీద కూడా ఈ బృందం పనిచేసింది.

అంటే "మామూలు టాపిక్" అన్నది తెలివిగా ఎంచుకుంటే పక్కదారి కానక్కర్లేదు. అవమానం, సమూహ గుర్తింపు, ఖాయమైన జవాబుల కోసం ఆరాటం, ఉద్యోగం పోయిన యువకుల్లో ఆత్మగౌరవం, వీటిలో దేని మీద చేసినా మీరు ఆ ఇంటి గుమ్మం దగ్గరే ఉంటారు. అనుమతులు త్వరగా వస్తాయి, పద్ధతులు చేతికి అలవాటవుతాయి, ఇంట్లో గొడవ తగ్గుతుంది. నష్టం కూడా ఉంది. పట్టా వచ్చాక ఉద్యోగం, పిల్లలు, పరీక్ష పేపర్లు, "తర్వాత నీ ఇష్టం" అన్న ఆ తర్వాత రాకపోవచ్చు. అలా ఆగిపోయినవాళ్లు కొల్లలు.

ఇక్కడ ఇంకొకరి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ ఉత్తరంలోని అక్కా, పరిశోధకురాలూ కలిసే చోటు ఆయన దగ్గరుంది. హెన్రీ టాజ్‌ఫెల్ 1919లో పోలండ్‌లో పుట్టిన యూదుడు. ఫ్రాన్స్‌లో చదువుకుంటూ యుద్ధం రాగానే ఫ్రెంచి సైన్యంలో చేరి, 1940లో జర్మన్లకు పట్టుబడ్డాడు. తాను పోలండ్ యూదుడన్న సంగతి దాచిపెట్టి ఖైదీల శిబిరాల్లో బతికాడు. తిరిగి వచ్చేసరికి కుటుంబంలో దాదాపు ఎవరూ మిగల్లేదు. ఇంత జరిగిన మనిషి తర్వాత సైకాలజిస్టు అయి ఏం చేశాడనుకుంటున్నారు? నాజీలను ఇంటర్వ్యూ చేయలేదు. బ్రిస్టల్‌లో 14, 15 ఏళ్ల బడి పిల్లలను కూర్చోబెట్టి, పాల్ క్లే, కాండిన్‌స్కీ అనే ఇద్దరు చిత్రకారుల బొమ్మలు చూపించి, మీకు ఏవి నచ్చాయని అడిగాడు. నువ్వు ఈ గుంపు, నువ్వు ఆ గుంపు అని చెప్పాడు. నిజానికి ఆ విభజన గుడ్డిగా చేసింది. తాము ఏ గుంపో తప్ప, మిగతావాళ్లలో ఎవరు ఏ గుంపులో ఉన్నారో పిల్లలకు తెలియదు. ఆ తర్వాత ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, ఏ గుంపో మాత్రమే చెప్పి, పేరు చెప్పని మిగతా పిల్లలకు డబ్బులు పంచమన్నాడు. పిల్లలు తమ గుంపువాళ్లకు ఎక్కువ ఇచ్చారు. అక్కడితో ఆగలేదు. అవతలి గుంపు కంటే తమవాళ్లకు తేడా ఎక్కువ రావడం కోసం, తమవాళ్లకు వచ్చే మొత్తం తగ్గినా సరే అనుకున్నారు. పాత పగ లేదు, పరిచయం లేదు, స్వలాభం లేదు. 1970లో అచ్చయిన ఆ ప్రయోగం మీద ఆ తర్వాత వచ్చిన సమూహ మనస్తత్వశాస్త్రం సగం నిలబడి ఉందంటే అతిశయోక్తి కాదు.

ఆయన దుఃఖాన్ని పక్కన పడేశాడని నేననుకోను. దాన్ని ఎవరైనా పరీక్షించి తప్పో ఒప్పో తేల్చగలిగిన ప్రశ్నగా మార్చాడు. మీ విషయంలో తేడా అక్కడే పడుతుంది. "నా తమ్ముడిని ఎలా కాపాడుకోవాలి" అన్నది పరిశోధన ప్రశ్న కాదు, అందులో మీరు వినడానికి సిద్ధంగా లేని జవాబులున్నాయి. కాపాడలేరని డేటా చెబితే మీరు ఆ డేటాతో దెబ్బలాడతారు. "ఉద్యోగం పోయిన యువకుల్లో కొందరు ఇలాంటి గ్రూపుల్లో ఉండిపోతారు, కొందరు వారంలో విసిగి బయటపడతారు, తేడా ఎక్కడుంది" అన్నది ప్రశ్న. రెండో రకం కుర్రాళ్లను ఈ రంగం తక్కువగా పట్టించుకుంది, మీకు అక్కడ పని ఉంది.

ఇప్పుడు ఆ నోట్‌బుక్. అది పరిశోధన సామగ్రి కాదు. ఆ కుర్రవాడు కౌన్సెలర్‌తో మాట్లాడాడు, పరిశోధకురాలితో కాదు. పైగా ఖైదీ, మీ దగ్గర నోరు విప్పనని చెప్పే స్వేచ్ఛ ఎంతుందో తెలియదు. పేరు మార్చి రాసినా, కేసు వివరాలను బట్టి పట్టేస్తారు. దాన్ని ఇంట్లో బీరువాలో ఉంచడం కూడా మంచిది కాదు. మీరు పనిచేసే చోట కౌన్సెలింగ్ కాగితాలు ఎలా భద్రపరచాలో నియమాలుంటాయి, ఆ ప్రకారం అప్పజెప్పండి. అతను నేర్పింది మీ బుర్రలో ఎలాగూ ఉంటుంది, ప్రశ్నలు అడగడానికి అది చాలు.

మాజీ సభ్యులతో ఇంటర్వ్యూలు చేయాలన్నదే మీ ఆశ అయితే అమెరికాలోని బోస్టన్ కాలేజీ కథ తెలిసి ఉండాలి. 2001 నుంచి 2006 దాకా ఉత్తర ఐర్లండ్ సాయుధ ముఠాల మాజీ సభ్యులు ఆ కాలేజీ చరిత్ర ప్రాజెక్టు కోసం మనసు విప్పి మాట్లాడారు. మీరు పోయేదాకా ఈ టేపులు బయటికి రావు అని వాళ్లకు మాటిచ్చారు. 2011లో పాత హత్య కేసు దర్యాప్తు కోసం బ్రిటన్ అధికారులు అమెరికా కోర్టుల ద్వారా ఆ టేపులు కావాలన్నారు. కాలేజీ పోరాడింది, చివరికి కొన్ని టేపులు ఇవ్వక తప్పలేదు. వాటి ఆధారంగా ఒక వృద్ధుడి మీద కేసు కూడా నడిచింది. 2019లో జడ్జి ఆ టేపులు సాక్ష్యంగా చెల్లవని కొట్టేశారు. అప్పటికి జరగాల్సిన నష్టం జరిగిపోయింది. ఆ ఊళ్లలో పరిశోధకుడు తలుపు కొడితే తీసేవాళ్లు కరువయ్యారు. కాబట్టి రహస్యం అని మాటిచ్చేముందు చట్టం ఎంతవరకు ఒప్పుకుంటుందో తెలుసుకుని అంతవరకే మాటివ్వాలి. జరగబోయే నేరం గురించి చెప్పవద్దు, చెబితే నేను దాచలేను అని ఇంటర్వ్యూకి ముందే చెప్పేసే పద్ధతి ఉంది. దానివల్ల కొందరు మాట్లాడరు. ఫర్వాలేదు.

మనుషుల దగ్గరికి వెళ్లకుండా కూడా పని మొదలుపెట్టవచ్చు. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలోని స్టార్ట్ కేంద్రం 1970 నుంచి జరిగిన 2 లక్షలకు పైగా ఘటనలతో గ్లోబల్ టెర్రరిజం డేటాబేస్ తయారుచేసింది. అమెరికాలో 1948 నుంచి తీవ్రవాదంవైపు మళ్లిన వ్యక్తుల వివరాలతో పైరస్ అనే డేటాబేస్ కూడా వాళ్లదే. కోర్టు తీర్పులున్నాయి, బయటికి వచ్చినవాళ్లు రాసుకున్న ఆత్మకథలున్నాయి. ఇది భద్రమైన దారి, కానీ బయటి నుంచి చూసే దారి. ఒకప్పుడు సీఐఏలో పనిచేసి తర్వాత మానసిక వైద్యుడై ఈ రంగంలోకి వచ్చిన మార్క్ సేజ్‌మన్ 2014లో ఈ గొడవే లేవనెత్తాడు. సమాచారమంతా ప్రభుత్వ సంస్థల దగ్గర ఉంది, దాన్ని విశ్లేషించే పద్ధతులు విశ్వవిద్యాలయాల దగ్గర ఉన్నాయి, రెండూ కలవడం లేదు అన్నాడు. కొందరు ఆయనతో విభేదించారు. కానీ జైల్లో పనిచేసిన అనుభవం ఉన్న మీలాంటివాళ్లకి విలువ ఎందుకుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. పీహెచ్‌డీ అసలే వద్దనుకుని, జైల్లోనే ఉండి బయటికి వెళ్లే కుర్రాళ్లకు పని, చదువు, తోడు కుదిర్చే కార్యక్రమంలో చేరినా అది తక్కువ దారేమీ కాదు. పేరు రాదు, వ్యాసాలు అచ్చుకావు. మనుషులు మాత్రం కళ్లముందు ఉంటారు.

ఏ దారి పట్టినా ఆ వీడియోలు మాత్రం ఈ రాత్రి నుంచి ఆపండి. ఇది ఒక్కటే నేను సలహాగా కాక గట్టిగా చెబుతున్నది. మీరు చూస్తున్నది ఏ ప్రశ్నకూ జవాబు కోసం కాదు, కాబట్టి ఎక్కడ ఆపాలో మీకు తెలియడం లేదు. ఈ పని వృత్తిగా చేసేవాళ్లు పగటిపూట చూస్తారు, పనిచేసే చోట చూస్తారు, వీలైనంతవరకు ధ్వని తీసేసి, తెర చిన్నది చేసి, రంగు తీసేసి చూస్తారు. మనసులో ఎక్కువగా నిలిచిపోయేది అరుపులే. పక్కన మాట్లాడటానికి ఒకరుంటారు. నిద్ర పాడై ఇన్నాళ్లయింది కాబట్టి మీరు కూడా ఒక థెరపిస్టును కలవండి, తమ్ముడి సంగతి మొదట చెప్పవలసింది కూడా వాళ్లకే.

దీనికి చట్టం వైపు కూడా ఒకటుంది. 2008లో బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఒక పీజీ విద్యార్థి పరిశోధన కోసం అల్‌ఖైదా శిక్షణ పుస్తకాన్ని డౌన్‌లోడ్ చేసుకున్నందుకు అరెస్టయ్యాడు. కొన్ని రోజుల తర్వాత ఏ అభియోగమూ లేకుండా వదిలేశారు. 2019లో క్రైస్ట్‌చర్చ్ మసీదుల మీద దాడిచేసినవాడి వీడియోను న్యూజిలాండ్‌లో దగ్గర ఉంచుకోవడమే నేరం. మీరున్నచోట చట్టం ఏమంటుందో తెలియకుండా, ఏ సంస్థ అనుమతి కాగితమూ లేకుండా, సొంత ఫోన్‌లో ఇవి దాచుకోవడం మీకూ, అదే ఇంట్లో ఉన్న తమ్ముడికీ మంచిది కాదు. ఒకే వైఫై, ఒకే చిరునామా. రేపు ఎవరైనా తలుపు కొడితే ఎవరు ఎందుకు చూశారో విడదీసి చెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి.

నాన్నగారి భయం సగం సబబే, అందుకే ఆయనతో వాదించకండి. ఎవరిని కలుస్తారు, ఎక్కడ కలుస్తారు, మీ పేరు, ఫోటో, చిరునామా బయట ఎక్కడెక్కడ ఉన్నాయి, ఎవరైనా బెదిరిస్తే విశ్వవిద్యాలయం ఏం చేస్తుంది, ఇవన్నీ రాసి చూపించండి. ఈ రంగంలో ముఖ్యంగా ఆడవాళ్లకు ఆన్‌లైన్ వేధింపులు ఎదురవుతాయి, దాన్ని దాచిపెట్టి అనుమతి తీసుకుంటే మొదటి బెదిరింపు రాగానే ఇంట్లో రెండో యుద్ధం మొదలవుతుంది. ఆయన అప్పటికీ వద్దనవచ్చు. 28 ఏళ్ల వయసులో ఆయన అనుమతి కావాలా, ఆశీర్వాదం చాలా అన్నది మీరు తేల్చుకోవలసిందే.

ప్రొఫెసర్‌ను మళ్లీ కలిసినప్పుడు టాపిక్ గురించి ముందే బేరం మొదలుపెట్టకండి. ఇంతకుముందు జైల్లో పరిశోధనకు అనుమతి తెచ్చిన అనుభవం ఉందా, డేటా ఎవరి కంప్యూటర్లో ఉంటుంది, వారానికోసారి కూర్చుని మాట్లాడే తీరిక ఉందా అని అడగండి. ఆఖర్న ఇంకొకటి అడగండి. నా ఇంటర్వ్యూ టేపు కావాలని కోర్టు నుంచి కాగితం వస్తే మీరూ, మన విశ్వవిద్యాలయమూ ఏం చేస్తారు? ఆయన కాసేపు ఆలోచించి, లాయరును కనుక్కుని చెబుతానంటే ఆయన చెప్పిన మామూలు టాపిక్‌తోనైనా సరే ఆయన దగ్గరే చేరండి. అంతదూరం రాదులే అని నవ్వేస్తే ఇంకో గైడ్‌ను వెతుక్కోండి.